అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్

అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్ అనేది ఆటోమేటిక్ గేరుబాక్సు గల వాహనాలలో గేరుబాక్సు ఆయిల్‌ను చల్లబరచడానికి, కర్మాగారంలో అమర్చిన ఏర్పాటుకు తోడుగా బిగించే ఉష్ణ వినిమాయకం. ఇది చూడడానికి చిన్న రేడియేటరు వలె ఉంటుంది. వాహనం ముందుభాగంలో, గ్రిల్ వెనుక, గాలి బాగా తగిలే చోట దీనిని అమరుస్తారు. ట్రైలర్లను, పడవలను, విహార వాహనాలను లాగే పికప్ ట్రక్కులలో దీని అవసరం ఎక్కువ. అందువలన అటువంటి వాడకం విస్తారంగా ఉన్న అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో ఇది ప్రచారంలో ఉంది. కొన్ని ట్రక్కులకు తయారీదారులే దీనిని సమకూరుస్తారు. మిగిలిన వాటికి యజమానులు తరువాత బిగించుకుంటారు.

ఆటోమేటిక్ గేరుబాక్సులు చెడిపోవడానికి గల ముఖ్య కారణాలలో అధిక వేడి ఒకటి. గేరుబాక్సు మరమ్మతు ఖర్చుతో పోలిస్తే కూలరు ధర చాలా తక్కువ. అయితే కూలరును సక్రమంగా అమర్చకపోతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఒక హోస్ ఊడిపోతే కొద్ది నిమిషాలలోనే ఆయిల్ అంతా కారిపోయి గేరుబాక్సు పాడవుతుంది. కారిన ఆయిల్ వేడి సైలెన్సరు గొట్టంపై పడితే మంటలు చెలరేగే ప్రమాదం కూడా ఉంది.

వేడి పుట్టే విధం

మాన్యువల్ గేరుబాక్సులో ఇంజనుకు, గేర్లకు మధ్య క్లచ్ ఉంటుంది. సంప్రదాయ ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆ స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజనుతో తిరిగే పంపు చక్రం ఆయిల్‌ను వేగంగా విసరగా, ఆ ఆయిల్ తాకిడికి ఎదురుగా ఉన్న టర్బైన్ చక్రం తిరుగుతుంది. ఈ రెండు చక్రాల వేగాలలో తేడా ఉన్నంతసేపు ఇంజను శక్తిలో కొంత భాగం ఆయిల్‌లోనే వేడిగా మారుతుంది. ఉదాహరణకు 100 కిలోవాట్ల శక్తిని అందుకుంటున్న కన్వర్టర్ 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, మిగిలిన 15 కిలోవాట్లు వేడి రూపంలో ఆయిల్‌కు చేరతాయి. ఇది ఒక్కొక్కటి ఒక కిలోవాటు గల 15 విద్యుత్ హీటర్లు ఏకకాలంలో వెలువరించే వేడికి సమానం.

ఆధునిక కన్వర్టర్లలో లాకప్ క్లచ్ అనే ఏర్పాటు ఉంటుంది. నిలకడ వేగంలో ఇది రెండు చక్రాలను ఒకటిగా కలిపివేస్తుంది. అప్పుడు జారుడు ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. నిటారైన ఎత్తులలోను, ఆగి ఆగి కదిలే రద్దీలోను, బరువైన ట్రైలరును నెమ్మదిగా వెనుకకు నడిపేటప్పుడు లాకప్ పనిచేయదు. వీటిలో చివరిది మరీ కష్టమైన స్థితి, ఎందుకనగా వాహనం దాదాపు కదలకపోవడం వలన కూలరుకు గాలి కూడా సరిగా అందదు.

ఆయిల్‌పై వేడి ప్రభావం

ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఏకకాలంలో నాలుగు పనులు చేస్తుంది. కన్వర్టర్‌లో శక్తిని చేరవేస్తుంది, క్లచ్‌లను బిగించే పీడనాన్ని అందిస్తుంది, గేర్లకు, బేరింగులకు కందెనగా ఉంటుంది, లోపలి వేడిని బయటకు మోసుకుపోతుంది. వేడి మితిమీరినప్పుడు ఆయిల్ ఆక్సీకరణం చెంది ఈ గుణాలను క్రమంగా కోల్పోతుంది. సాధారణ వాడకంలో చాలా గేరుబాక్సుల ఆయిల్ సుమారు 80 నుండి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది.

మరమ్మతు వృత్తిలో చాలాకాలంగా ఒక సూత్రం వాడుకలో ఉంది. దాని ప్రకారం ఆయిల్ ఉష్ణోగ్రత 79 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత, పెరిగే ప్రతి 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. ఇదే క్రమంలో ఈ క్రింది హద్దులను కూడా చెబుతారు:

* సుమారు 116 డిగ్రీల వద్ద ఆయిల్ నుండి వార్నిష్ వంటి జిగురు పొర ఏర్పడి వాల్వులను పట్టివేస్తుంది.
* సుమారు 127 డిగ్రీల వద్ద రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి.
* సుమారు 146 డిగ్రీల వద్ద క్లచ్ ప్లేట్లు జారడం మొదలవుతుంది.
* సుమారు 157 డిగ్రీల వద్ద సీళ్ళు, క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి.

ఈ పట్టిక పాతకాలపు ఖనిజ తైలాలను దృష్టిలో ఉంచుకున్నది. నేటి సింథటిక్ ఆయిళ్ళు ఇంతకంటె ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కనుక అంకెలను ఖచ్చితమైన కొలతలుగా కాక, హెచ్చరికగా తీసుకోవాలి. వేడి పెరిగేకొద్దీ నష్టం కూడా వేగంగా పెరుగుతుందన్నది మాత్రం అన్ని ఆయిళ్ళకు వర్తిస్తుంది.

చరిత్ర

పెద్దయెత్తున ఉత్పత్తి అయిన తొలి పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. 1939లో వెలువడిన ఈ గేరుబాక్సును 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమర్చారు. జనరల్ మోటార్స్ 1960ల చివరలో డెక్స్‌రాన్ అనే పేరుతో ఆయిల్ ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. ఆ కాలపు ఆయిళ్ళలో క్లచ్‌ల ఘర్షణను సరిచేయడానికి స్పెర్మ్ తిమింగలం నూనెను కలిపేవారు. తిమింగలాల రక్షణకు 1970ల ఆరంభంలో అమెరికా ఈ నూనెను నిషేధించడంతో ప్రత్యామ్నాయం అవసరమైంది. ఆ విధంగా వచ్చిన డెక్స్‌రాన్-2 తొలి రూపం కూలర్ల లోపలి టంకపు అతుకులను తినివేసింది. తుప్పు నిరోధకాలు చేర్చిన తరువాతి రూపంతో ఆ సమస్య తీరింది. ఆయిల్, కూలరు ఒకదానికొకటి పొసగవలసిన అవసరాన్ని ఈ అనుభవం తెలియజేసింది.

కర్మాగారపు కూలరు

చాలా వాహనాలలో తొలి కూలరు ఇంజను రేడియేటరు తొట్టి లోపలే ఉంటుంది. గేరుబాక్సు నుండి ఒక పైపు ద్వారా వచ్చిన వేడి ఆయిల్, రేడియేటరులో చల్లబడిన నీటి మధ్య అమర్చిన గొట్టం గుండా ప్రవహించి, రెండవ పైపు ద్వారా తిరిగి వెళుతుంది. ఈ ఏర్పాటు వలన రెండు లాభాలున్నాయి. గాలి కంటె ద్రవం వేడిని వేగంగా గ్రహిస్తుంది. చలికాలంలో ఇంజను నీరు ముందుగా వేడెక్కి, చల్లని ఆయిల్‌ను కూడా పని ఉష్ణోగ్రతకు తెస్తుంది. లోపం ఏమనగా, ఆయిల్ ఎంత చల్లబడినా రేడియేటరు నీటి ఉష్ణోగ్రత కంటె దిగువకు రాలేదు. బరువు లాగే సమయంలో ఇంజను నీరు కూడా వేడిగానే ఉంటుంది కనుక, చల్లబరచే శక్తి అత్యవసరమైనప్పుడే తగ్గిపోతుంది.

నిస్సాన్ ఫ్రాంటియర్ ఉదంతం

రేడియేటరు లోపలి కూలరుకు గల మరొక ప్రమాదం రెండు ద్రవాలు కలిసిపోవడం. 2005 నుండి 2010 వరకు గల నమూనాలలో నిస్సాన్ ఫ్రాంటియర్ పికప్‌లోను, దాని సోదర వాహనాలైన పాత్‌ఫైండర్, ఎక్స్‌టెరాలలోను ఈ సమస్య బయటపడింది. రేడియేటరు లోపలి కూలరుకు పగులు ఏర్పడి, కూలెంట్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లోకి చేరేది. అప్పుడు ఎర్రని ఆయిల్ గులాబీ రంగు పాల మిశ్రమం వలె మారుతుంది. నీరు, గ్లైకాల్ చేరిన ఆయిల్‌లో క్లచ్ ప్లేట్లపై ఘర్షణ పొరను అంటించిన జిగురు వదలిపోతుంది. ఇందువలన పాడైన రేడియేటరుతో పాటు గేరుబాక్సును కూడా మార్చవలసి వచ్చేది. నిస్సాన్ 2010లో ఈ వాహనాల రేడియేటరు వారంటీని 8 సంవత్సరాలు లేదా 80,000 మైళ్ళకు పొడిగించింది. అమెరికాలో ఈ విషయమై సామూహిక వ్యాజ్యం కూడా నడిచింది. పలువురు యజమానులు రేడియేటరు లోపలి కూలరును పూర్తిగా వదలివేసి, ఆయిల్‌ను బయటి కూలరు గుండా మాత్రమే పంపే మార్పు చేసుకున్నారు.

కూలర్లలో రకాలు

* గొట్టం-రెక్కల రకం: మెలికలు తిరిగిన ఒకే గొట్టానికి పలుచని అల్యూమినియం రెక్కలు అమర్చి ఉంటాయి. ఇది చవకైనది, దృఢమైనది. అదే పరిమాణంలో మిగిలిన రకాల కంటె తక్కువ వేడిని వదులుతుంది.
* పలక-రెక్కల రకం: ఆయిల్ సమాంతరమైన చదునైన మార్గాలలో పారుతుంది. గాలికి తగిలే వైశాల్యం ఎక్కువ.
* పేర్చిన పలకల రకం: ఒకదానిపై ఒకటి పేర్చి అతికిన పలకల మధ్య ఆయిల్ పారుతుంది. చిన్న స్థలంలో ఎక్కువ వేడిని వదులుతుంది, ఆయిల్ ప్రవాహానికి అడ్డు తక్కువ. కొన్ని నమూనాలలో చిక్కని చల్లని ఆయిల్ పలకలను తప్పించుకుని పక్కమార్గంలో పోయే వీలు ఉంటుంది.

కూలర్లను సాధారణంగా వాహనం, ట్రైలరు, సరుకుల మొత్తం బరువును బట్టి అమ్ముతారు. ట్రక్కు బరువును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, లాగే సమయానికి కూలరు చాలదు. వేడి ప్రాంతాలలో కొంత పెద్ద కూలరు మేలు. మంచు కురిసే ప్రాంతాలలో ఆయిల్ మరీ చల్లబడి చిక్కగా మారకుండా థర్మోస్టాట్ గల పక్కమార్గం ఉన్నది ఎంచుకుంటారు.

ఆయిల్ మార్గంలో కూలరు స్థానం

అదనపు కూలరును ఎక్కువగా రేడియేటరు లోపలి కూలరు తరువాత, తిరుగు పైపులో వరుసగా కలుపుతారు. అంటే ఆయిల్ గేరుబాక్సు నుండి రేడియేటరుకు, అక్కడి నుండి అదనపు కూలరుకు, చివరకు గేరుబాక్సుకు చేరుతుంది. రేడియేటరు ఎక్కువ వేడిని తీసివేయగా, మిగిలిన దానిని గాలి తగ్గిస్తుంది. క్రమాన్ని తారుమారు చేసి అదనపు కూలరును ముందు ఉంచితే, గాలికి చల్లబడిన ఆయిల్ రేడియేటరు నీటి వద్ద మళ్ళీ వేడెక్కవచ్చు.

రేడియేటరు లోపలి కూలరును పూర్తిగా వదలివేయడం గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. దాని వలన ద్రవాలు కలిసే ప్రమాదం తొలగుతుంది. కాని చలిలో ఆయిల్ వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది, నిదానంగా నడిచే వేళ చల్లబరచే శక్తి తగ్గుతుంది.

బిగించే విధానం

పని ఆరంభించే ముందు వాహనాన్ని సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. వాహనాన్ని పైకి లేపవలసి వస్తే జాకీపై మాత్రమే ఆధారపడక, స్టాండ్లపై నిలపాలి. ఇప్పుడున్న ఆయిల్ రంగు, వాసన కూడా ముందే చూస్తారు. నల్లబడి మాడు వాసన వస్తుంటే, లేక లోహపు తునకలు కనిపిస్తుంటే గేరుబాక్సు అప్పటికే దెబ్బతిన్నట్లు. కూలరు దానిని బాగుచేయలేదు.

1. తిరుగు పైపును గుర్తించడం: వాహనపు సర్వీసు పుస్తకంలో చూడడం అన్నిటికంటె నమ్మదగిన పద్ధతి. పుస్తకం లేనప్పుడు రేడియేటరు వద్ద ఒక పైపును విప్పి, రెండు కొనలను రెండు పాత్రలలో ఉంచి, మరొక వ్యక్తి చేత ఇంజనును కొద్ది క్షణాలు మాత్రమే నడిపిస్తారు. ఏ కొన నుండి ఆయిల్ వస్తున్నదో చూసి దిశను నిర్ణయిస్తారు. కొన్ని కొత్త గేరుబాక్సులలో ఆయిల్ వేడెక్కేవరకు కూలరు మార్గం తెరుచుకోదు. అటువంటి వాటిలో ఈ పరీక్ష చల్లని స్థితిలో ఫలితం ఇవ్వదు.

2. కూలరును అమర్చడం: ఎయిర్ కండిషనర్ కండెన్సరుకు ముందు, దానికి సుమారు 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేటట్లు కూలరును నిలుపుతారు. కొన్ని కూలర్లతో పాటు కండెన్సరు రెక్కల గుండా దూర్చే ప్లాస్టిక్ కడ్డీలు వస్తాయి. కుదుపులకు ఇవి ఒరుసుకుని కండెన్సరు గొట్టానికి రంధ్రం పడవచ్చు. కనుక వాహనం చట్రానికి లోహపు బ్రాకెట్లతో బోల్టు చేయడం మేలు. కూలరు నోళ్ళు పైకి గాని, పక్కకు గాని ఉండాలి. క్రిందికి ఉంటే లోపల గాలి చిక్కుకుంటుంది.

3. హోస్‌లను కలపడం: ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కొరకే తయారైన, ఎస్‌ఏఈ జె1532 ప్రమాణానికి సరిపోయే హోస్‌ను మాత్రమే వాడాలి. మామూలు పెట్రోలు హోస్ ఈ వేడికి గట్టిపడి పగులుతుంది. వాహనాన్ని బట్టి హోస్ లోపలి వ్యాసం 8 లేక 9.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇనుప పైపును కోయవలసి వస్తే పైపులు కోసే పనిముట్టుతో కోసి, కొన వద్ద ఉబ్బెత్తు అంచు చేయాలి. నున్నని కొనపై క్లాంపు ఎంత బిగించినా హోస్ జారిపోయే అవకాశం ఉంది. హోస్‌ను కనీసం 25 మిల్లీమీటర్ల లోతుకు తొడిగి, ఉబ్బెత్తు అంచు వెనుక క్లాంపును బిగిస్తారు. మరీ బిగిస్తే క్లాంపు రబ్బరును కోసివేస్తుంది.

4. హోస్‌ల దారి: హోస్‌లు సైలెన్సరు గొట్టాలకు, ఫ్యానుకు, స్టీరింగు భాగాలకు, పదునైన రేకు అంచులకు దూరంగా ఉండాలి. రేకు గుండా పోయే చోట రబ్బరు తొడుగు వేస్తారు. ఒక్కసారిగా మడిచిన హోస్ నొక్కుకుపోయి ప్రవాహాన్ని ఆపుతుంది. కూలరు లేకపోవడం కంటె ఇది హానికరం, ఎందుకనగా చాలా గేరుబాక్సులలో కందెన తిరుగు పైపు నుండే అందుతుంది.

5. ఆయిల్ నింపడం: కూలరు, హోస్‌లు నిండడానికి కొంత ఆయిల్ అదనంగా పడుతుంది. తయారీదారు సూచించిన రకాన్నే వాడాలి. డెక్స్‌రాన్, మెర్కాన్ వంటి ప్రమాణాల ఆయిళ్ళను ఒకదానికి బదులు మరొకటి వాడరాదు. ఇంజనును కొన్ని నిమిషాలు నడిపి, బ్రేకు నొక్కి ఉంచి అన్ని గేర్లను ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి అతుకు వద్ద లీకు లేదని చూస్తారు.

6. మట్టం చూడడం: డిప్‌స్టిక్ గల చాలా వాహనాలలో ఆయిల్ వేడెక్కిన తరువాత, ఇంజను నడుస్తుండగా, గేరును పార్కులో ఉంచి మట్టాన్ని చూస్తారు. కొన్నిటిలో ఇంజనును ఆపిన వెంటనే చూడాలి. డిప్‌స్టిక్ లేని గేరుబాక్సులలో, నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద మట్టపు బిరడాను విప్పి చూడవలసి ఉంటుంది. ఆయిల్ తక్కువైతే పంపు గాలిని పీల్చుతుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురుగుగా మారుస్తాయి. రెండు సందర్భాలలోను పీడనం పడిపోయి క్లచ్‌లు జారి కాలిపోతాయి.

మొదటి ప్రయాణం తరువాత, తిరిగి కొన్ని రోజుల తరువాత అతుకులను, మట్టాన్ని మరల పరీక్షించాలి. తీసివేసిన ఆయిల్‌ను కాలువలలోను, నేలపైనను పారబోయక, పాత ఆయిల్‌ను సేకరించే కేంద్రానికి ఇవ్వాలి.

ఉష్ణోగ్రతను కొలవడం

కూలరు ఎంత ఉపయోగపడుతున్నదో కొలిస్తే గాని తెలియదు. కొన్ని ట్రక్కులలో డాష్‌బోర్డుపైనే ఆయిల్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. లేని వాటిలో వాహనపు రోగనిర్ధారణ పోర్టుకు కలిపే చిన్న పరికరం ద్వారా చదవవచ్చు. ఎక్కడ కొలిచారన్నది ముఖ్యం. కన్వర్టర్ నుండి బయటకు వచ్చే పైపులో ఉష్ణోగ్రత వేగంగా మారుతూ, ఆయిల్ తొట్టిలో కంటె చాలా ఎక్కువగా ఉంటుంది. బిగించక ముందు, తరువాత ఒకే దారిలో, అదే బరువుతో, ఒకే చోట కొలిచిన అంకెలనే పోల్చాలి.

లాగుడు పరీక్షా ప్రమాణం

అమెరికాలో ట్రక్కుల లాగుడు సామర్థ్యాన్ని నిర్ణయించడానికి ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. ఇందులో ముఖ్యమైనది అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నదిపై గల డేవిస్ డ్యామ్ సమీపాన మొదలయ్యే ఎత్తు రహదారి పరీక్ష. సుమారు 18 కిలోమీటర్ల ఈ ఎత్తును, కనీసం 38 డిగ్రీల సెల్సియస్ ఎండలో, ఎయిర్ కండిషనర్‌ను పూర్తిస్థాయిలో నడుపుతూ, పూర్తి బరువును లాగుతూ ఎక్కాలి. వెనుక ఇరుసుకు రెండే చక్రాలు గల పికప్‌ల వేగం గంటకు 64 కిలోమీటర్ల కంటె తగ్గరాదు. అధిక లాగుడు సామర్థ్యాన్ని ప్రకటించే ట్రక్కుల ప్యాకేజీలలో అదనపు కూలరు ఒక భాగంగా ఉండడానికి కారణం ఇటువంటి పరిస్థితులే.

పరిమితులు

* కూలరు వలన వాహనపు లాగుడు సామర్థ్యం పెరగదు. బ్రేకులు, ఇరుసులు, చట్రం, టైర్ల హద్దులు యథాతథంగా ఉంటాయి. తయారీదారు ప్రకటించిన బరువును దాటరాదు.
* గేరుబాక్సు లోపల ఏదైనా విరిగి, దానిని మార్చినప్పుడు, పాత కూలరులో చిక్కుకున్న లోహపు రజను కొత్త గేరుబాక్సును కూడా పాడుచేస్తుంది. కనుక కూలరును శుభ్రంగా కడగాలి లేదా మార్చాలి. పలకల రకం కూలర్లను పూర్తిగా కడగడం కష్టం.
* కూలరు ఉన్నంత మాత్రాన ఆయిల్‌ను సకాలంలో మార్చడం మానరాదు.
* అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఇతరులు తయారుచేసిన భాగాన్ని అమర్చినంత మాత్రాన వారంటీ రద్దు కాదు. అయితే ఆ భాగం వలన లేక దానిని తప్పుగా బిగించడం వలన నష్టం జరిగితే, ఆ మరమ్మతును తయారీదారు నిరాకరించవచ్చు.

భారతదేశంలో

భారతదేశంలో సరుకుల రవాణాకు వాడే పికప్‌లలో అత్యధికం మాన్యువల్ గేరుబాక్సు గలవి. వీటిలో టార్క్ కన్వర్టర్ ఉండదు కనుక ఈ కూలరు అవసరం రాదు. బరువైన ట్రైలర్లను సొంత వాహనాలతో లాగే అలవాటు కూడా తక్కువ. ఆటోమేటిక్ గేరుబాక్సుతో ఇక్కడ విడుదలైన పికప్‌లలో ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ ఉన్నాయి. ఇసుజు సంస్థ భారతదేశపు కర్మాగారం 2016లో ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీసిటీలో ప్రారంభమైంది. అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఇవి కూడా చూడండి

* రేడియేటరు
* టార్క్ కన్వర్టర్
* ఉష్ణ వినిమాయకం
* గేరుబాక్సు
* కందెన